పాముల కోసం ఓ అర్జీ

ఇంట్లో పాము పెంచుకుంటామంటే ఏ అధికారీ సంతకం పెట్టడు. పట్టి, అడవిలో వదిలేస్తామంటే మాత్రం అటవీశాఖే చేయి కలిపింది. మూడు దశాబ్దాల్లో హైదరాబాద్ పాముల ప్రేమికులు సాధించిందేమిటి? గౌడవెల్లి నుంచి ఇప్పుడు ఓ అర్జీ రాయాలంటే అందులో ఏం అడగాలి?

‘గౌరవనీయులైన కమిషనర్ గారి దివ్యసముఖమునకు... మేడ్చల్ మండలం గౌడవెల్లి వాస్తవ్యుడు రాసుకున్న అర్జీ. అయ్యా, నాకు చిన్నప్పటి నుంచి పాములంటే ప్రాణం. మా ఇంట్లో ఒక జెర్రిపోతును అద్దాల పెట్టెలో పెంచుకుందామనుకుంటున్నాను. దానికి విషం లేదు. ఎవరికీ హాని చేయదు. కావున తమరు దయతలచి అనుమతి ఇప్పించగలరని ప్రార్థన.’

ఇలాంటి కాగితం ఎవరైనా తెచ్చి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చారనుకోండి. గుమస్తా ఒకసారి అర్జీని, ఒకసారి మనిషిని ఎగాదిగా చూస్తాడు. ముద్ర కొట్టి తీసుకుంటాడు కూడా. ఆ తర్వాత ఫైలు ఎన్ని బల్లలు తిరిగినా పని మాత్రం కాదు. మున్సిపాలిటీ ఇచ్చే పెంపుడు జంతువుల లైసెన్సు కుక్కలతోనే సరి. తహసీల్దారుకు ఆ అధికారం లేదు, కలెక్టరుకూ లేదు. రాష్ట్రంలో వన్యప్రాణులకు పెద్దదిక్కైన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సైతం ‘సరదాగా పెంచుకో’ అని మన జెర్రిపోతును ఎవరి చేతుల్లోనూ పెట్టలేరు.

అలాగని పాముల విషయంలో మన అధికారులు ఎవరి మాటా వినరనుకుంటే పొరపాటు. విన్నారు, మనసు మార్చుకున్నారు, స్థలం కూడా ఇచ్చారు. ఆ కథ జరిగింది ఈ చుట్టుపక్కలే.

పట్టిన మరుక్షణం సర్కారుదే!

గౌడవెల్లి ఎక్కడుందో రైలు ప్రయాణికులకు బాగా తెలుసు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్తుంటే బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటాక, మేడ్చల్‌కు ముందు వచ్చే చిన్న స్టేషన్. నిన్నమొన్నటి దాకా పొలాలు, చెలకలు, చెరువు కట్టలు, రాళ్లగుట్టలు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ చుట్టుపక్కలంతా ప్లాట్ల రాళ్లు, విల్లాలు, గోదాములు. మనుషులు కొత్తగా వచ్చారు. పాములు పాతకాపులు. పునాది తవ్వితే పుట్ట కదులుతుంది. కాంపౌండు గోడ పక్కన ఇటుకలు పేరిస్తే వాటి సందుల్లో ఎలుకలు చేరతాయి. ఎలుకల వెనకే జెర్రిపోతు, దాని వెనకే నాగుపాము వస్తాయి.

రోజూ కనిపించే ఈ జీవుల్ని పట్టి పెంచుకుంటే తప్పేంటన్న ప్రశ్నకు జవాబు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టం దృష్టిలో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, గుడ్లను పాడుచేయడం కూడా వేటే. అనుమతి లేకుండా బంధించి పెట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుందని సెక్షన్ 39 చెబుతోంది. అంటే, పుట్టలో ఉన్నంతసేపూ పాము తన బతుకు తాను బతుకుతుంది. సీసాలోకి దూర్చి మూత బిగించామా, మన దగ్గరున్నది సర్కారు సొత్తు.

2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త షెడ్యూళ్లలో నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పెద్దపులి ఉన్నది కూడా అందులోనే. ఈ షెడ్యూలులోని జంతువు విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. మన అర్జీదారు ‘దానికి విషం లేదు’ అని రాసిన జెర్రిపోతుకూ ఇదే లెక్క. చట్టం చూసేది అది అడవి జంతువా కాదా అనే.

ఒకే ఒక్క సందు సెక్షన్ 12లో ఉంది. చదువు కోసం, పరిశోధన కోసం, జంతు ప్రదర్శనశాలల కోసం, ప్రాణాలు కాపాడే మందుల తయారీకి విషం సేకరించడం కోసం పాముల్ని పట్టడానికి అనుమతి ఇవ్వొచ్చు. మొదటి షెడ్యూలు జీవులైతే కేంద్రం కూడా ముందుగా ఒప్పుకోవాలి. అందులో ‘ముచ్చట కోసం’ అన్న మాట లేదు.

1995లో మొదలైన ఒప్పందం

చట్టం ఇంత గట్టిగా ఉంటే, పాములంటే ఇష్టపడే కుర్రాళ్లు ఏం చేయాలి? హైదరాబాద్‌లో కొందరు 1995లో దీనికో దారి వెతికారు. ‘ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ’ అనే సంస్థ పెట్టుకున్నారు. అప్పట్లో ఇంట్లో పాము కనబడితే రెండే మార్గాలు. కర్ర తీయడం, లేదా పాములాయన కోసం కబురు పెట్టడం. మొదటి దాంట్లో పాము చచ్చేది. రెండో దాంట్లో అది బుట్టలోకి చేరి, కోరలు ఊడి, నాగులపంచమికి వీధుల్లో తిరిగేది.

వీళ్లు మూడో మార్గం చూపించారు. ఫోన్ చేయండి, వచ్చి పడతాం, తీసుకెళ్లి అడవిలో వదిలేస్తాం అన్నారు. పాముల్ని మాకివ్వండి అని అడిగి ఉంటే అటవీశాఖ అనుమానంగా చూసేది. పట్టిన ప్రతి పాముకూ లెక్క చెప్పి, శాఖకు తెలిసేలా వదిలేసే మనుషులు దొరికేసరికి ఆ శాఖకే పని తేలికైంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు వాలంటీర్లుగా చేరారు. నాగులపంచమి రోజుల్లో పాములు ఆడించేవారి బుట్టల్లోంచి నాగుల్ని స్వాధీనం చేసుకోవడానికి అటవీ సిబ్బంది వెళ్తుంటే వీళ్లు తోడు వెళ్లారు. మూతి కుట్టేసిన, కోరలు పీకేసిన పాముల్ని బతికించే ప్రయత్నం చేశారు.

అలా ఏళ్ల తరబడి నమ్మకం కుదిరింది. ఇటీవలి సంవత్సరాల్లో ఈ సంస్థ ఏటా పది వేలకు పైగా పాముల్ని జనావాసాల నుంచి తప్పిస్తోంది. వాటిలో పెద్ద వాటా నాగుపాములదే. చివరికి ఇదే మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలో, దుండిగల్ దగ్గరి బౌరంపేట రిజర్వ్ ఫారెస్టులో పాముల రక్షణ, పునరావాస కేంద్రం వచ్చింది. అటవీశాఖ, పాముల ప్రేమికులు కలిసి నిలబెట్టిన చోటు అది. పట్టిన పాముకు గాయాలుంటే చికిత్స చేసి, కోలుకున్నాక వదులుతారు. అధికారుల అనుమతితో పాములు మనుషుల సంరక్షణలో ఉండడమంటే ఈ ప్రాంతంలో ఇదే. పెంచుకోవడానికి కాదు, పంపించడానికి.

గొట్టం, సంచి, ఓపిక

పాము పట్టడమంటే తోక పట్టి గాల్లో ఊపుతూ సెల్ఫీ దిగడమని సోషల్ మీడియా నేర్పింది. శిక్షణ పొందినవారు చేసే పని చూస్తే అందులో ఆ హడావుడే ఉండదు. ముందు జనాన్ని దూరం జరుపుతారు. ఒక పొడవైన కొక్కెం కర్ర, ఒక గుడ్డ సంచి, సంచి మూతికి బిగించిన ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకుంటారు. గొట్టాన్ని గోడ మూలకు ఆనించి, సంచిని దాని వెనక నేలమీద పరుస్తారు. కొక్కెంతో పామును మెల్లగా ఆ వైపు మళ్లిస్తారు.

బెదిరిన పాము చీకటి కన్నం కోసం చూస్తుంది. ఎదురుగా గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. ఇరుకుగా, చీకటిగా, అచ్చం ఎలుక కన్నంలా. తలపెట్టి వాసన చూస్తుంది, నాలుక రెండుసార్లు ఆడిస్తుంది, జారుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది. తోక కూడా సంచిలోకి చేరాక గొట్టం తీసేసి, సంచి మూతిని మెలిపెట్టి ముడి వేస్తారు. తలను చేత్తో నొక్కరు, పట్టకారుతో పిసకరు. మనిషి చెయ్యి పాముకు తగలకుండానే పని పూర్తవుతుంది. నాగుపాము పడగ విప్పి బుసకొట్టినా పట్టేవాడు తొందరపడడు. పాముకు ఎంత తక్కువ భయం కలిగితే అంత మంచి పట్టు.

ఇందులోనూ చిక్కులు లేకపోలేదు. పట్టిన పామును ఎక్కడో దూరాన వదిలితే అది కొత్తచోట దారీతెన్నూ తెలియక తిరుగుతుంది. కర్ణాటకలోని ఆగుంబేలో గిరినాగులకు రేడియో ట్రాన్స్‌మీటర్లు అమర్చి చేసిన పరిశోధన ఈ సంగతి చూపించింది. అందుకే నిజంగా ఇంట్లో దూరిన పామునే పట్టాలి. పొలం గట్టున తన దారిన పోయే జెర్రిపోతును పిలిచి మరీ పట్టించడం దానికి ఉపకారం కాదు.

షిరాళ పట్టు

అధికారుల్ని ఒప్పించడం గురించి మాట్లాడుకుంటే మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని బత్తీస్ షిరాళ గురించి చెప్పుకోవాల్సిందే. అక్కడ నాగపంచమికి బతికున్న నాగుపాముల్ని పట్టి, పూజించి, ఊరేగించి, తిరిగి వదలడం తరతరాల ఆచారం. వన్యప్రాణి చట్టం వచ్చాక గొడవ బొంబాయి హైకోర్టుకెక్కింది. పట్టడం, ఊరేగించడం ఆగిపోయాయి. ఊరివాళ్లు మాత్రం పట్టు విడవలేదు. నాయకుల చుట్టూ తిరిగారు, అర్జీల మీద అర్జీలు పెట్టారు.

2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ నుంచి అనుమతి వచ్చింది. దాని తీరు గమనించదగ్గది. పండుగకని ఇవ్వలేదు, ఊరేగింపుకని అసలే ఇవ్వలేదు. పాముల గురించిన సంప్రదాయ జ్ఞానాన్ని పిల్లలకు అందించడానికని, కొద్దిరోజులకు, పరిమిత సంఖ్యలో, అటవీ సిబ్బంది కళ్లెదుట అన్న షరతులతో ఇచ్చారు. అంటే సెక్షన్ 12లోని ‘చదువు’ అన్న సందులోంచే ఆ అర్జీ బయటపడింది. ఇది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. వన్యప్రాణి కార్యకర్తలకు ఇది రుచించలేదు. అంత పట్టుదలగా పోరాడిన ఊరికి కూడా పామును ఇంట్లో ఉంచుకునే హక్కు రాలేదన్నది మాత్రం నిజం.

సీమపాముల సంగతేంటి?

‘మన పాములు కుదరకపోతే విదేశీ పాము తెచ్చుకుంటా’ అనేవాళ్లు ఈమధ్య నగరాల్లో పెరిగారు. ఆఫ్రికా నుంచి వచ్చే బాల్ పైథాన్, అమెరికా కార్న్ స్నేక్ ఇందులో ముందు వరుస. బాల్ పైథాన్ మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. భయపడితే ఉండలా చుట్టుకుపోతుంది. విషం లేదు. అయితే సరిగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఇంటర్‌లో ముచ్చటపడి తెచ్చుకున్నవాడు తన పిల్లలు ఇంటర్‌కొచ్చే దాకా దానికి ఎలుకలు సమకూర్చాలన్నమాట. వెచ్చదనం ఒక లెక్కలో, తేమ ఇంకో లెక్కలో ఉండాలి. హైదరాబాద్ చలికాలంలో హీటింగ్ ప్యాడ్, థర్మోస్టాట్ లేకపోతే మేత ముట్టదు. దానికి జబ్బు చేస్తే చూసే డాక్టరు దొరకడమూ కష్టమే.

వీటికి మాత్రం చట్టం ఓ దారి ఉంచింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ జాబితాలో కొండచిలువల కుటుంబమంతా ఉంది. ఆ జాబితాలోని జీవి ఎవరి దగ్గరుంటే వారు ప్రభుత్వానికి తెలియజేసి, నమోదు చేయించుకోవాలని కొత్తగా చేర్చిన సెక్షన్ 49ఎం చెబుతోంది. 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నియమాలు ప్రకటించింది. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువిచ్చి, పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు చేయమంది. కొత్తగా వస్తే ముప్పై రోజుల్లో చెప్పాలి. పిల్లలు పెట్టినా, ఇంకొకరికిచ్చినా, చనిపోయినా తెలియజేయాలి. ఆ దరఖాస్తు వెళ్లేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కే. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు కాబట్టి ఈ నమోదు దానికి వర్తించదు. అలాగని దొంగచాటుగా తెస్తే కస్టమ్స్ చట్టం ఊరుకోదు.

అసలు చిక్కు అక్కడే. ఈ పాములు దేశంలోకి వచ్చే దారి చాలాసార్లు చాటుమాటుదే. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి బెంగళూరులో దిగిన ఓ ప్రయాణికుడి సామానులో పది పసుపు అనకొండలు బయటపడ్డాయి. చెన్నై, ముంబై విమానాశ్రయాల్లోనూ ఇలాంటివి తరచూ పట్టుబడుతున్నాయి. మన దగ్గర జరిగే మోసం ఇంకో రకం. అమాయకమైన రెండు తలల పామును ఇంట్లో ఉంచితే లక్ష్మి నడిచొస్తుందని నమ్మించి లక్షల్లో బేరాలాడే ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులకు చిక్కుతూనే ఉన్నాయి. దానికి ఉన్నది ఒక్కటే తల. మొండి తోక చూసి జనం రెండో తలనుకుంటారు.

సర్కారు ఎందుకంత గట్టిగా ఉంది?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు ‘పక్కింట్లో పాము పెంచుకుంటున్నారు, మనమెందుకు పెంచుకోకూడదు?’ అనడం మామూలే. అక్కడ రాష్ట్రానికో రూలు. హవాయిలో ఏ పామునూ పెంచనివ్వరు. చాలా రాష్ట్రాల్లో బాల్ పైథాన్‌ను పెట్ షాపులో కొనుక్కోవచ్చు. బ్రిటన్‌లో 1976 నాటి ప్రమాదకర వన్యప్రాణుల చట్టం కింద విషపు పామును పెంచాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఇస్తుంది. పశువైద్యుడొచ్చి పెట్టె, తాళం చూస్తాడు. ఎవరికైనా హాని జరిగితే చెల్లించడానికి బీమా ఉండాలి. మన అర్జీదారు కోరుకున్న స్థానిక అనుమతి అచ్చంగా ఉన్నది అక్కడ.

ఆ స్వేచ్ఛకు చెల్లించిన మూల్యమూ చూడాలి. ఆసియా నుంచి పెంపకానికి తెచ్చుకున్న బర్మీస్ కొండచిలువలు ఫ్లోరిడాలో కొన్ని తప్పించుకున్నాయి, కొన్నింటిని మోయలేక యజమానులే వదిలేశారు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో అవి సంతతి పెంచుకున్నాయి. అవి బాగా పాతుకుపోయిన చోట్ల రకూన్లు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ ఏడాదే ఆ పాముల దిగుమతిని నిషేధించారు. 2017లో ఆ కొండచిలువల్ని వెతకడానికి ఫ్లోరిడా వాళ్లు పిలిపించుకున్నది ఎవరినో తెలుసా? తమిళనాడు ఇరుళ తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను. కొన్ని వారాల్లోనే రెండు డజన్లకు పైగా పట్టిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

పాము చేతులు మారితే ఏమవుతుందో కేరళ చూసింది. 2020లో కొల్లం జిల్లాలో ఒకడు పాములు పట్టే వ్యక్తి దగ్గర నాగుపామును కొని, నిద్రపోతున్న భార్యను దానితో కాటు వేయించి చంపాడు. మరుసటి ఏడాది కోర్టు రెండు యావజ్జీవ శిక్షలు వేసింది. అదే కేరళ అటవీశాఖ ఆ తర్వాత పాములు పట్టేవారికి శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం ఉన్నవారే పట్టాలని నిబంధన పెట్టింది. ‘సర్ప’ అనే యాప్ తెచ్చింది. పాము కనిపిస్తే దగ్గర్లోని అధీకృత రెస్క్యూయర్ ఎవరో ఫోన్‌లోనే తెలుస్తుంది.

మన పాముల్ని పట్టి కొన్నాళ్లు ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకున్న దారుల్లో ఒకటి విషం సేకరణ. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978 నుంచి పనిచేస్తున్న ఇరుళుల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల్ని పట్టి, మట్టికుండల్లో కొన్ని వారాలు ఉంచి, విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి వదిలేస్తుంది. గుర్తున్న పాము మళ్లీ దొరికితే పట్టరు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు చేస్తారు. అలాంటి మందు తయారుచేసే విన్స్ బయోప్రొడక్ట్స్ లాంటి కంపెనీలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

అడగాల్సినవి ఇవీ...

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య వానాకాలంలోనే. 2030 కల్లా ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. పాముకాటు కేసుల్ని తప్పనిసరిగా నమోదు చేసే జబ్బుల జాబితాలో చేర్చాలని అదే ఏడాది రాష్ట్రాలను కోరింది.

గౌడవెల్లి, గుండ్లపోచంపల్లి, షామీర్‌పేట వైపు ఊళ్లు, కాలనీలు కలిసి అర్జీ రాస్తే స్థానిక అధికారులు తమ చేతుల్లోని అధికారంతోనే చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఖాళీ ప్లాట్లలో చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు ఎత్తించడం. వీధి దీపాలు వెలిగించడం. కొత్త లేఔట్‌లో జేసీబీ దిగేముందు అటవీశాఖకు, రెస్క్యూ వాలంటీర్లకు చెప్పించడం. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు మందు ఎంత నిల్వ ఉందో, రాత్రిపూట ఎక్కించగల డాక్టరు ఉన్నారో లేదో నోటీసు బోర్డు మీద రాయించడం. ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద అటవీశాఖ, రెస్క్యూ సంస్థల నంబర్లు రాయించడం. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ఇక మన అర్జీదారు ముచ్చట. పాములంటే అంత ప్రాణమైతే అతను శిక్షణ తీసుకుని వాలంటీరుగా చేరొచ్చు. నెహ్రూ జూలాజికల్ పార్కులో జంతువుల దత్తత పథకం ఉంది. నచ్చిన జీవి మేత ఖర్చు భరించొచ్చు. పెరట్లో ఎలుకల మందు పెట్టడం మానేసినా చాలు, జెర్రిపోతు దానంతట అదే వస్తుంది, తన పని తాను చేసుకుపోతుంది. దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

పాము కాటేస్తే...

• కాటు పడినవారిని కదలనివ్వకండి. కాటు పడిన చేయి లేదా కాలు విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దతో నిలిపి ఉంచండి. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి.

• తాడుతో బిగించి కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. మంత్రాలు, పసర్లంటూ గంటలు పోగొట్టొద్దు.

• 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. పామును చంపి వెంట తీసుకెళ్లాల్సిన పనిలేదు. మన దగ్గర వాడే మందు నాలుగు ప్రధాన విషసర్పాలకూ కలిపి చేసిందే.

• కట్లపాము రాత్రిళ్లు కరుస్తుంది. నొప్పి, గాటు తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. వానాకాలంలో నేలమీద పడుకునేవాళ్లు దోమతెర కట్టుకుని, అంచులు చాప కిందకు దోపాలి.